తాళాలక్క ఫిర్యాదు

తాళాలక్క అన్న పేరు ఆ అపార్టుమెంటులో పిల్లలు పెట్టింది. పెద్దవాళ్ళకూ అదే అలవాటైపోయింది. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఆమెకొక తాళాల గుత్తి ఉండేది. మెట్లెక్కి వస్తుంటే మనిషికన్నా ముందు ఆ గలగల వినిపించేది. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళను వాళ్ళు లేని వేళ తెరిచి, ఊడ్చి, తుడిచి, గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి, మళ్ళీ తాళం వేసి వెళ్ళిపోవడం ఆమె పని. సాయంత్రం తిరిగొచ్చినవాళ్ళకు ఆమె కనిపించదు. తళతళలాడే నేల, మడత నలగని దుప్పట్లు కనిపిస్తాయి, అంతే.

ఆమెకో పట్టింపు ఉండేది. బల్ల మీద కాగితాలుంటే వాటిని ఎత్తి, కింద తుడిచి, ఎలా ఉన్నవి అలాగే పెట్టేది తప్ప వాటి వంక చూసేది కాదు. చదువు రాక కాదు, వార్తాపత్రిక అక్షరం వదలకుండా చదివేది. "ఇల్లు ఊడ్చమన్నారు గానీ ఇంటి గుట్టు ఊడ్చమన్నారా?" అనేది ఎవరైనా అడిగితే. పై అంతస్తులో ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టారు ఉండేవాడు. ఆయన తల మీది జుట్టు ఆయనది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆయన నడకకు వెళ్ళినప్పుడు టోపీ పెట్టుకుని, జుట్టును గూటిలో వదిలి వెళ్ళేవాడు. ఆమె దాన్ని దులిపి, దువ్వి, జాగ్రత్తగా మళ్ళీ గూట్లో పెట్టేది. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఆ మాట ఎత్తిన పాపాన పోలేదు.

ఆమెకు పిల్లలు లేరు. పెళ్ళయిన కొద్ది రోజులకే భర్త జబ్బుచేసి పోయాడు. తల్లి అంతకుముందే కన్నుమూసింది. పాలపళ్ళు కూడా ఊడని తమ్ముణ్ణి ఆమే సాకింది. వాడు పెద్దవాడై గోడలకు రంగులేసే పనిలో చేరాడు, చేయి తిరిగాక సొంతంగా కాంట్రాక్టులు పట్టాడు. నిచ్చెనలూ డబ్బాలూ మోసుకెళ్ళడానికి ఒక వ్యాను కొనుక్కుంటానంటే అప్పుకు హామీగా ఆమే సంతకం చేసింది. ఒక పెద్ద భవనం తాలూకు కాంట్రాక్టరు పని చేయించుకుని డబ్బివ్వకుండా చేతులెత్తేశాడు. వాయిదాలు కట్టలేక వ్యాను పోయింది, అప్పు మిగిలింది. తమ్ముడు పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళాడు. వెళ్ళేముందు అక్క ఇంటి గుమ్మంలో కూలబడ్డాడు.

"నీ మరదలికి తెలియనివ్వకక్కా. కడుపుతో ఉంది. వాళ్ళ నాన్న మొదట్నుంచీ నేనొట్టి పనికిమాలినవాణ్ణనే అంటున్నాడు."

"సరేలేరా," అంది ఆమె.

ఆ 'సరేలే'ను ఆమె ఎన్నో ఏళ్ళు మోసింది. అప్పులవాళ్ళు ఆమె గుమ్మానికే వచ్చారు. ఆమె మరికొన్ని ఇళ్ళు ఒప్పుకుంది. కట్టగలిగిన నెల కట్టింది, కట్టలేని నెల తల దించుకుని గడువు అడిగింది. ఆలస్యంగానే గానీ చివరి పైసా దాకా తీర్చింది. తమ్ముడు తిరిగొచ్చి నిలదొక్కుకున్నాడు. మరదలికి ఆ సంగతి ఏనాడూ తెలియలేదు. తెలియాల్సిన అవసరం వస్తుందని కూడా ఆమె అనుకోలేదు.

కష్టం నడుము దగ్గర మొదలైంది. వంగితే లేవలేకపోయేది, లేస్తే నిలవలేకపోయేది. కింద చాప మీద పడుకోవడం మానమని, మంచం మీద గట్టి పరుపు వేసుకోమని డాక్టరు చెప్పాడు. పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపుల పరుపుల షాపు ఉంది. దాని మేనేజరు ఆమె పనిచేసే అపార్టుమెంటులోనే మూడో అంతస్తులో ఉంటాడు, అక్కడి నివాసుల సంఘానికి కార్యదర్శి కూడా. వాళ్ళింట్లో ఎప్పుడూ మనుషులుంటారు కాబట్టి ఆమెతో పని పడలేదు గానీ మెట్ల మీద పలకరింపులున్నాయి.

"అరె, తాళాలక్కా! రా రా, కూర్చో. పడుకుని చూసినా డబ్బులడగంలే," అన్నాడాయన నవ్వుతూ.

ఆమె ప్లాస్టిక్ కవరు తీయని పరుపు అంచున మొహమాటంగా కూర్చుంది. నడుముకు హాయిగానే అనిపించింది. "ధర తెలుసుకుందామని వచ్చాను బాబూ. డబ్బు కూడబెట్టుకున్నాను, ఇంకాస్త చేరాక కొంటాను. వాయిదాలూ గీయిదాలూ వద్దు. రొక్కమే."

"సరే సరే. నీ గుర్తింపు కార్డు ఇవ్వు, వివరాలు రాసుకుంటాం. ధర తగ్గినప్పుడు ఫోన్ చేస్తాం."

ఆమె కార్డిచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేరు రాసుకోవడానికి అంత సేపు ఎందుకో ఆమెకు తోచలేదు. బయటికొచ్చి కార్డు తిరిగిచ్చినప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. వ్యాపారపు చికాకులేమో అనుకుని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

మొదట తాళం వెనక్కి తీసుకున్నది ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే దంపతులు. అత్తగారు వస్తున్నారని, ఇక ఇంట్లో మనిషి ఉంటుందని చెప్పారు. మంచిదేగా అనుకుందామె. తర్వాత రెండో అంతస్తువాళ్ళు తాళంకప్ప మారుస్తున్నామన్నారు. కొత్తది బిగించారు గానీ దాని చెవి ఆమె చేతికి రాలేదు. ఆపైన ఒకావిడ ఏ కారణమూ చెప్పకుండా నేల చూపులు చూస్తూ చెయ్యి చాపింది. గుత్తి తేలికవుతోంది. తానేం తప్పు చేశానా అని ఆమె వెనక్కీ ముందుకీ తవ్వుకుంది. ఏదైనా పగలగొట్టానా, ఎక్కడైనా పొయ్యి ఆర్పడం మరిచిపోయానా? ఏమీ దొరకలేదు.

చివరికి నిజం చెప్పింది కాలేజీ లెక్చరరమ్మ. సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉండి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

"నీ దగ్గర దాచడం నావల్ల కాదక్కా. సంఘం మీటింగులో మేనేజరుగారు చెప్పారు. నువ్వు అప్పు తీసుకుని కట్టలేదట. నెలలకు నెలలు బాకీ పడ్డావట. అలాంటి మనిషి చేతిలో ఇన్ని ఇళ్ళ తాళాలా అన్నారు."

"ఆయనకెవరు చెప్పారమ్మా?"

"వాళ్ళ షాపు కంప్యూటర్లో చూశారట. వాయిదాల మీద సరుకు అమ్ముతారు కదా. ఎవరెవరికి ఎంత అప్పుంది, ఎప్పుడెప్పుడు కట్టారు, అంతా అందులో ఉంటుందట."

"నేనాయన్ని వాయిదాలు అడగలేదే!" అంది తాళాలక్క.

లెక్చరరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నాకు నమ్మకం ఉందక్కా. మా ఆయనే ఒప్పుకోవడం లేదు," అంది. తాళాలక్క గుత్తిలోంచి వాళ్ళ తాళం తీసి బల్ల మీద పెట్టింది. రింగు బిగుతుగా ఉండి గోరు విరిగింది.

మెట్ల మలుపులో కూర్చుండిపోయింది. పని పోయిన బాధ తర్వాత వచ్చింది. ముందు సిగ్గేసింది. పదిమందిలో ఒంటి మీది బట్ట లాగేసినట్టనిపించింది. అప్పు చేశానన్న సిగ్గు కాదది, తీర్చిన అప్పుకు సిగ్గేమిటి? తన బతుకులో ఎంతో కష్టపడి మూసి పెట్టుకున్న చోటులోకి ఎవరో చెప్పులతో నడిచి వెళ్ళారు. అక్కడ చూసినదాంట్లో సగమే బయటికొచ్చి చెప్పారు. అప్పు ఉందన్నారు, తీరిందనలేదు. ఆ మాట ఆమె నోరు విప్పి చెప్పాలంటే, అప్పెవరిదో కూడా చెప్పాలి.

స్టేషన్ మాస్టారు పైనుంచి దిగుతూ ఆమెను చూసి ఆగాడు. విషయం ఆయనకూ తెలిసే ఉంటుంది. చేతికర్ర మార్చుకుని, "నా తాళం నీ దగ్గరే ఉండనీ అమ్మా," అని మాత్రం అని దిగి వెళ్ళిపోయాడు.

సంగతి తమ్ముడికి చెబితే వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"వదిలెయ్యక్కా. కెలికితే కంపు మనకే."

"నిన్నెవరూ ఏమీ అనలేదురా."

"అదేనక్కా. నన్నేమీ అనకుండా ఉండాలంటే నువ్వు ఊరుకోవాలి." అనేశాక ఆ మాట తనకే వినపడినట్టుంది, వాడు తల వంచుకుని చేతికంటిన తెల్లరంగు గీక్కుంటూ కూర్చున్నాడు. ఆమె వాణ్ణి తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికి కాస్త సుఖంగా ఉండేది.

వినియోగదారుల సహాయ కేంద్రం మునిసిపల్ ఆఫీసు వెనక వసారాలో ఉందని లెక్చరరమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఆమె మనసులోనూ ఏదో కెలుకుతున్నట్టుంది. అక్కడ కిర్రుమనే ఫ్యాను కింద, కళ్ళజోడు మెళ్ళో వేలాడేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. తాళాలక్క చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది.

"మీరు ఆ షాపులో అప్పడిగారా?"

"లేదమ్మా. పరుపు మీద కూర్చున్నాను, అంతే."

ఆవిడ పెదాలు కొద్దిగా కదిలాయి. "చూడండి, మన అప్పుల చరిత్ర మనది. మనం అప్పుకు దరఖాస్తు పెట్టుకుని, చూసుకోండి అని ఒప్పుకుంటేనే దుకాణంవాళ్ళు చూడాలి. కార్డు చేతికిచ్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. చూసినా, అక్కడ కనబడింది నలుగురికీ చాటడానికి అసలు హక్కు లేదు. ఆ లెక్కలుంచే సంస్థవాళ్ళు మీ చరిత్ర నకలు మీకు ఉచితంగా ఇస్తారు. ఎవరు చూశారో, ఏ పని మీద చూశామన్నారో అందులో పడి ఉంటుంది."

నకలు వచ్చింది. షాపువాళ్ళు చూసిన రోజు దగ్గర, వస్తువులు కొనడానికి అప్పు కోరారు అని కారణం రాసి ఉంది. ఆమె కోరని అప్పు! అలా ఎవరైనా చూసిన ప్రతిసారీ, ఈ మనిషి అప్పు కోసం తిరుగుతోందని లెక్కలోకి వస్తుందని, రేపు నిజంగా అప్పు కావాల్సి వస్తే అదే అడ్డం పడొచ్చని ఆవిడ వివరించింది. పాత అప్పు దగ్గర ఆలస్యాలన్నీ ఉన్నాయి. ఆ వరుస చివర్నే, పూర్తిగా తీరిపోయింది అని కూడా ఉంది. మేనేజరు చూసిన పుటలోనే!

"ఫిర్యాదు చేస్తే గెలిచే అవకాశం ఉంది. కానీ ఒక మాట. విచారణలో వాళ్ళు ఆ పాత అప్పు సంగతి తప్పకుండా లాగుతారు. సిద్ధపడి రండి," అందావిడ.

తాళాలక్క ఫిర్యాదు రాయకుండానే తిరిగొచ్చింది. ఊరుకోవడమే మేలనుకుంది. అరిటాకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా చిరిగేది అరిటాకే కదా. అలా ఊరుకునే ఉండేదేమో. ఒక ఉదయం మెట్ల మీద మేనేజరు తానే ఆపి పలకరించాడు.

"నీ మీద నాకు కోపమేం లేదక్కా. ఇంతమంది ఇళ్ళ తాళాలు నీ దగ్గరుంటే, నీ సంగతి తెలుసుకోవడం నా బాధ్యత కాదా?"

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా బాబూ."

"అడిగితే నిజం ఎవరు చెప్తారక్కా?" అన్నాడాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. మనసారా అలాగే అనుకుంటున్నాడు. అదే ఆమెకు గుచ్చుకుంది. అడగకుండానే ఆమెను అబద్ధాలకోరును చేసేశాడు. ఇక ఆమె ఏం చెప్పినా చెప్పకపోయినా ఒకటే. మర్నాడే వెళ్ళి ఫిర్యాదు మీద సంతకం చేసింది.

విచారణ రోజున తమ్ముడు వచ్చాడు, మరదలూ వచ్చింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు. వదిన మీద అప్పు ఎగ్గొట్టిందన్న నింద పడిందని తెలిసి కొంగు బిగించుకుని తానే బయల్దేరింది. "మా వదిన అప్పు చెయ్యడమా? చెయ్యి చాపి ఎరగదు! ఆ మేనేజరు మొహం నేనూ చూడాలి," అంటూ దారంతా మండిపడుతూనే ఉంది. తమ్ముడు బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వినియోగదారుల ఫోరం గది చిన్నది. పొడవాటి బల్ల వెనక అధ్యక్షురాలు, మరో ఇద్దరు సభ్యులు. షాపు తరఫు వకీలు కుర్రాడే గానీ మాట పదును.

"ఆమె తన చేతులతో కార్డిచ్చింది. అదే అనుమతి," అన్నాడు.

"సంతకం తీసుకున్నారా?" అనడిగింది అధ్యక్షురాలు.

"లేదండి."

"చూస్తామని నోటితోనైనా చెప్పారా?"

వకీలు మేనేజరు వంక చూశాడు. మేనేజరు తన బూట్ల వంక చూసుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. వకీలు తాళాలక్క వైపు తిరిగాడు. "సరే, చూశారు. చూసిన సంగతి అబద్ధమా? మీరు బాకీ పడలేదా?"

"పడ్డానండి. తీర్చేశాను."

"ఎందుకు చేశారమ్మా అంత అప్పు?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "అది తేల్చడానికి నేను రాలేదండి. నన్ను అడక్కుండా ఎందుకు చూశారని అడగడానికొచ్చాను."

"చెప్పుకోలేని పనికి చేశారన్నమాట. పేకాటా? చీట్లా?"

మరదలు లేవబోయింది. అంతకుముందే ఆమె పక్కనున్న మనిషి లేచాడు.

"ఆ అప్పు నాదండి," అన్నాడు తమ్ముడు.

కూర్చోమని అధ్యక్షురాలు రెండుసార్లు చెప్పింది. వాడు కూర్చోలేదు. "నేను వ్యాను కొనుక్కున్నాను. కట్టలేక ఊరొదిలి పోయాను. మా అక్క ఇళ్ళు తుడిచి కట్టింది. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. ఇందాకటి దాకా కూడా, ఈ గదిలో కూర్చుని కూడా, చెప్పకపోతే బావుణ్ణనే అనుకున్నాను," అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పి, అప్పుడు కూర్చున్నాడు.

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. మరదలు మొగుడి వంక చూడలేదు. వదిన వంక చూసింది. ఇన్నేళ్ళూ అమ్మలాంటిదనుకున్న మనిషి, ఒక ముసుగు తీసి ఎదుట నిలబడ్డట్టు చూసింది. తాళాలక్క ఆ చూపు ముందు తల దించుకుంది. వకీలు ముందు దించనిది అక్కడ దించింది.

తీర్పు ఆమె వైపే వచ్చింది. ఒప్పుకోలు లేకుండా చూడటం తప్పు, అబద్ధపు కారణం చెప్పి చూడటం ఇంకా తప్పు, చూసినది చాటడం అన్నిటికన్నా పెద్ద తప్పు అన్నారు. ఆమె లెక్కలోంచి షాపువాళ్ళు చూసిన గుర్తు తీసేయించాలన్నారు. పోయిన పనికి పరిహారం ఇమ్మన్నారు. ఎక్కడైతే నింద వేశాడో అక్కడే, ఆ సంఘం మీటింగులోనే, మేనేజరు క్షమాపణ చదవాలన్నారు.

ఆయన చదివాడు. గొణిగినట్టు చదివాడు. వెనక వరసలోంచి స్టేషన్ మాస్టారు, "వినపడలేదు బాబూ, చెముడు. మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు. ఆయనకు చెముడున్న సంగతి అంతకుముందు ఎవరికీ తెలియదు.

లెక్చరరమ్మ స్వయంగా ఆమె ఇంటికొచ్చి తాళం చేతిలో పెట్టింది. మరికొందరూ ఇచ్చారు. ఇన్సూరెన్సు దంపతులు ఇవ్వలేదు, కనబడితే మునుపటికన్నా ఎక్కువగా నవ్వేవారు. కేంద్రంలో ఆవిడ అభినందిస్తే తాళాలక్క నమస్కారం పెట్టింది గానీ మనసులో సంతోషం కలగలేదు. అన్న మాటకు క్షమాపణ ఉంటుంది. విన్న చెవుల్లోంచి దాన్ని వెనక్కి తీయడం ఎవరి తీర్పుతో అవుతుంది? నిప్పు లేందే పొగ రాదని తలూపేవాళ్ళు ప్రతి మెట్టు మలుపులోనూ ఒకరుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది మరదలి మౌనం. తమ్ముడితో ఎలాగో సర్దుకుంది, ఇంటి మనిషి కాబట్టి పోట్లాడి, ఏడ్చి, తిండి మానేసి తేల్చుకుంది. వదిన గుమ్మం మాత్రం తొక్కలేదు. ఫోను ఎత్తేది కాదు. తమ్ముడు వచ్చినప్పుడు ఎలా ఉందిరా అని అడిగితే, "ఉందక్కా," అని ఊరుకునేవాడు.

వానలు వెలిసిన ఒక మధ్యాహ్నం మరదలు వచ్చింది. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వు మా ఆయన పరువు కాపాడావు వదినా. కాదనను. కానీ ఇన్నేళ్ళూ నన్ను పరాయిదాన్ని చేశావు. మీరిద్దరూ ఒకటి, నేనొకతెను. నాకు తెలిసుంటే నా గాజులమ్మైనా సగం భారం మోసేదాన్ని కాదా? ఆ మేనేజరు నిన్నడగలేదని కోర్టుకెక్కావే, నన్ను మీరేం అడిగారు?"

 వాడు వద్దన్నాడని చెప్పొచ్చు, కడుపుతో ఉన్నావని చెప్పొచ్చు. అవన్నీ నిజాలే, ఏదీ జవాబు కాదు. "తప్పేనమ్మా," అంది తాళాలక్క. "నీ మీద నమ్మకం లేక కాదు. కానీ నమ్మి ఉంటే చెప్పేదాన్నే కదా. తప్పే."

మరదలు గోడకానుకుంది. "ఇంకేమైనా ఉందా నాకు తెలియనిది?"

"లేదు."

"ఉంటే ఇప్పుడే చెప్పెయ్ వదినా. మళ్ళీ ఎవరి నోటినుంచో వినే ఓపిక నాకు లేదు."

తాళాలక్క నిజంగానే ఆలోచించింది. "వాడికి ఈత రాదు," అంది చివరికి. "పెళ్ళికి ముందు నీ దగ్గర గొప్పకు ఏరు ఈదానన్నాడట. మోకాలి లోతు నీళ్ళలో దిగినా నా చెయ్యి పట్టుకునేవాడు."

మరదలు నవ్వలేదు. ముక్కు తుడుచుకుని లోపలికొచ్చి, పొయ్యి మీద టీ నీళ్ళు తానే పెట్టింది.